మంత్రం ఏ అరలో?



గ్రంథాలయశాస్త్రం బోధించిన గురువుగారి పేరిట ఏర్పాటైన ఉపన్యాసంలో, బల్ల చుట్టూ కూర్చుని పాచికలు వేసే ఆటల గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు కాస్త తటపటాయించారు. కానీ ఆయన జీవితమంతా అడిగిన ప్రశ్నే అక్కడా ఉంది: దీన్ని ఏ అరలో పెట్టాలి, పెడితే ఎవరికేం ఒరుగుతుంది?

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కూర్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' 1974లో అమెరికాలో వెలువడింది. ఆటగాళ్లు తలా ఒక పాత్ర ధరించే ఆ ఆటలో మంత్రాల జాబితాలు రెండే. ఒకటి మాంత్రికుడిది, రెండోది క్లెరిక్ అనే అర్చక యోధుడిది. 1978 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో ప్రతి మంత్రం పేరు పక్కనా ఒక ముద్ర పడింది. రక్షణ, ఆవాహన, దివ్యదృష్టి, వశీకరణ, శక్తిప్రయోగం, మాయ, మృత్యువిద్య, రూపాంతరం... ఇలా చివరికి ఎనిమిదిగా స్థిరపడిన వీటినే ఆటగాళ్లు స్కూళ్లంటారు.

గాయం మాన్పే మంత్రం ఒక్కదాన్నే పట్టుకుని చూద్దాం. 1978లో అది మృత్యువిద్య. ప్రాణశక్తితో వ్యవహారం కాబట్టి చావూ బతుకూ ఒకే పద్దులో రాశారు. 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లో ఆవాహన అయింది. ఆ శక్తిని బయటి లోకం నుంచి రప్పిస్తున్నారని తర్కం. 2014లో శక్తిప్రయోగం. 2024లో రక్షణ. మంత్రం చేసే పని మాత్రం మారలేదు: దెబ్బ తిన్నవాడు లేచి కూర్చుంటాడు.

దీన్ని చూసి నవ్వుకోవచ్చు. కానీ ఆడేవాళ్లకు ఆ ముద్ర జీవన్మరణ సమస్య. 1989 నాటి రెండో ఎడిషన్‌లో మాయావిద్యలో ప్రత్యేకత తీసుకున్న మాంత్రికుడికి శక్తిప్రయోగం నిషిద్ధం. అంటే అందరూ ఆశపడే అగ్నిగోళం అతనికి ఎన్నటికీ దక్కదు. అర మారిస్తే ఆస్తి చేతులు మారుతుంది. అందుకే ఈ వర్గీకరణను మంత్రతత్త్వంగా కాక, బల్ల దగ్గర కూర్చున్న నలుగురి మధ్య వాటాల పంపకంగా చదవాలంటాను.

శాస్త్రదృష్టితో చూస్తే ఈ ఎనిమిదింటి పొందిక లోపభూయిష్ఠం. రక్షణ అనేది ప్రయోజనాన్ని బట్టి, ఆవాహన అనేది పద్ధతిని బట్టి, మృత్యువిద్య అనేది విషయాన్ని బట్టి పెట్టిన పేరు. మూడు కొలబద్దలు ఒకే చోట కలిశాయి. మా గురువుగారైతే ఆ పరీక్షపత్రం వెనక్కిచ్చేవారు.

ఆయన మెచ్చుకునే ఆట ఇంకొకటుంది. జోనథన్ ట్వీట్, మార్క్ రైన్-హేగెన్ 1987లో తెచ్చిన 'ఆర్స్ మ్యాజికా'. అందులో లాటిన్ పేర్లతో అయిదు క్రియలు: సృష్టించు, తెలుసుకో, మార్చు, నశింపజేయి, అదుపు చేయి. వాటికి పది నామాలు: నిప్పు, నీరు, దేహం, మనసు, రూపం వగైరా. క్రియకు నామాన్ని జోడిస్తే మంత్రం. గాయం మాన్పడమంటే 'క్రెయో కార్పస్', దేహాన్ని సృష్టించడం. అదృశ్యం కావాలా? మనిషి జోలికి పోనక్కర్లేదు, అతని రూపాన్ని నశింపజేస్తే చాలు: 'పెర్డో ఇమాజినెమ్'. పుస్తకంలో లేని మంత్రాన్ని కూడా ఆటగాడు అక్కడికక్కడే కూర్చుకోవచ్చు. చూడాల్సింది ఆ రెండు విద్యల్లో అతనికెంత పట్టుందో.

గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1933లో 'కోలన్ క్లాసిఫికేషన్'తో చేసింది ఇలాంటి పనే. ప్రతి విషయానికీ ముందే ఒక గూడు కట్టిపెట్టకుండా, ముఖాలుగా విడదీసి, కావలసినప్పుడు కలుపుకోమన్నారు. ఆర్స్ మ్యాజికా కర్తలు ఆయన్ను చదివారని నేననడం లేదు. చిక్కు ఒకటే కాబట్టి విరుగుడూ ఒకటే అయింది.

అయినా ఆడటానికి నాకు ఆ లొసుగుల ఎనిమిదే ఇష్టం. పోట్లాడుకోవడానికి చోటుంటుంది కదా!

ఇక యాజమాన్యం సంగతి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ నియమాలను ఇతరులు వాడుకోనిచ్చే లైసెన్సు మీద 2023 జనవరిలో పెద్ద గొడవ రేగింది. ఆ ఆట నుంచి పుట్టిన 'పాత్‌ఫైండర్' ఆట ప్రచురణకర్తలు ఆ లైసెన్సు నుంచి తప్పుకుని, అదే ఏడాది నవంబరులో సవరించిన నియమాల పుస్తకం తెచ్చారు. ఎనిమిది స్కూళ్లూ అందులో లేవు. మాంత్రికులు ఇప్పుడు విడివిడి విద్యాలయాల్లో చదువుతారు, ఒక్కోదానికీ సొంత పాఠ్యప్రణాళిక ఉంటుంది. వాటిలో ఒకటి పౌరసేవకు పనికొచ్చే మంత్రాలకే ప్రత్యేకం.