ఆపరేషన్‌కు ముందు చెప్పవలసిన మాట



ఆపరేషన్‌కు ముందు డాక్టరుగారు షుగరుందా, బీపీ ఉందా అని అడుగుతారు. ఆలోచించి చెబుతాం. "మీ ఇంట్లో ఎవరికైనా మత్తుమందుతో ఇబ్బంది వచ్చిందా?" అంటే మాత్రం ఠక్కున "లేదండీ" అనేస్తాం. ఈవేళ ఆ ప్రశ్న గురించే నాలుగు మాటలు చెప్పుకుందాం.

మా జమ్మికుంటలో తెలిసినవారి అమ్మాయికి అపెండిక్స్ ఆపరేషన్ చేశారు. ఆపరేషన్ చక్కగా అయింది. కాని అమ్మాయి తనంతట తాను ఊపిరి తీసుకోలేదు. నాలుగు గంటలసేపు మిషనుతో ఊపిరి అందించాక తేరుకుంది. అప్పుడు తల్లికి గుర్తొచ్చింది, పదేళ్ల కిందట పెద్దకొడుక్కీ ఇట్లాగే అయిందని! "పిల్లవాడు బలహీనంగా ఉన్నాడు, అందుకే అనుకున్నానమ్మా" అంది పాపం.

అది బలహీనత కాదు. ఒక ఎంజైము లోపం. ఎంజైమంటే ఏమిటి? అన్నం మెతుకులు కాసేపు నమిలితే తియ్యబడతాయి కదూ? లాలాజలంలోని ఎంజైము పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొట్టడం వల్లనే ఆ తీపి. మన జీవకణాలు ఇలాంటి ఎంజైములను ఎన్నో తయారుచేస్తాయి. దేని పని దానిదే. కాలేయం తయారుచేసి రక్తంలోకి పంపే సూడోకోలినెస్టరేజ్ వాటిలో ఒకటి. మత్తు ఇచ్చేటప్పుడు కండరాలు సడలడానికి సక్సినైల్‌కోలిన్ అనే మందు వాడుతుంటారు. ఈ ఎంజైము ఆ మందును కొద్ది నిమిషాల్లో విరిచేస్తుంది. ఎంజైము లేనివారిలో మందు గంటల తరబడి నిలిచిపోతుంది. ఊపిరి తీసే కండరాలూ కదలవు.

ఈ ఎంజైము 574 అమైనో ఆమ్లాల గొలుసు. వాటి వరుస జన్యువులో రాసి ఉంటుంది. వైశ్యులలో 307వ చోట ల్యూసిన్‌కు బదులు ప్రోలిన్ వచ్చిన మార్పును 2006లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఒక్క చుక్క పక్కకు పడితే ముగ్గంతా కలవదు చూడండి, అట్లాగే! తల్లి దగ్గర ఒకటి, తండ్రి దగ్గర ఒకటి మారిన జన్యువుంటే వాళ్లకేమీ తెలియదు. పుట్టే ప్రతి బిడ్డకూ రెండూ చేరే అవకాశం నాలుగింట ఒక వంతు.

హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు పాలుపంచుకున్న 2017 నాటి పరిశోధన, ఈ లోపం వైశ్యులలో మిగతావారికంటే సుమారు వందరెట్లు ఎక్కువని చెప్పింది. ఎప్పుడో కొద్దిమంది పూర్వికులతో మొదలై, తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకోవడం దీనికి కారణం. ఇందులో సిగ్గుపడేదేమీ లేదు. అరుదుగానైనా ఇతరులలోనూ ఉంటుంది. మామూలు రోజుల్లో వీళ్లకు ఏ జబ్బూ కనిపించదు. అందుకే మనం చెబితే తప్ప డాక్టరుకు తెలియదు.

మరొక్క మాట. పత్తిచేలకు కొట్టే కొన్ని పురుగుమందులు కూడా ఈ ఎంజైమును అణచేస్తాయి. పురుగుమందు సోకినవారి రక్తంలో డాక్టర్లు దీన్నే పరీక్షిస్తారు. పుట్టుకతో లోపమున్నవారు ఆ సంగతి అక్కడా చెప్పాలి.

రక్తపరీక్షతో ఈ లోపం తెలుస్తుంది. మత్తు డాక్టరుకు ముందే తెలిస్తే వేరే మందు వాడతారు. కనుక ఒకరికి ఇలా జరిగితే అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ పరీక్ష చేయించండి. ఆ కాగితం పసుపుకుంకాలంత భద్రంగా దాచండి. ఆడపిల్ల అత్తవారింటికి వెళ్లేటప్పుడు చీరెసారెలతోపాటు దాని నకలు కూడా పెట్టి పంపండి. కాన్పు వేళ అది ఆమెకు అక్కరకొస్తుంది.

సెలవు.