దక్షిణ ఫ్రాన్సు ద్రాక్షాసవం: రుచి, పొత్తు

షడ్రసాలను లెక్కించేటప్పుడు వగరును మనం చిట్టచివర చెప్పుతాము. వక్క నమిలినప్పుడు, కరక్కాయ బుగ్గన పెట్టుకొన్నప్పుడు నాలుక బిగుసుకొనే ఆ గుణం కోరదగినదని మనకు తోచదు. కాని దక్షిణ ఫ్రాన్సులో ఎర్రని ద్రాక్షాసవాన్ని, అంటే వైనును, పరీక్షించేవారు ఆ వగరును శ్రద్ధగా తూచి చూస్తారు. అది ఎంత ఉన్నది, దేనితో కలిస్తే సాధువవుతుంది అనే విచారణ నుండే భోజనంతో జత కూర్చే విద్య పుట్టినది.

ఉదాహరణకు షాతోనఫ్ దు పాప్ అనే ఆసవాన్ని తీసుకొందాము. అవిన్యోన్ నగరానికి ఉత్తరాన, రోన్ నదికి సమీపంలో ఉన్న గ్రామం పేరే దానికి వచ్చినది. 'పోపుగారి కొత్త కోట' అని ఆ మాటకు అర్థం. 1309 నుండి 1377 వరకు పోపులు అవిన్యోనులో నివసించినారు. వారిలో 1316లో పీఠమెక్కిన ఇరవైరెండవ జాన్ ఇక్కడ కోట కట్టించినాడు. 1944లో, యుద్ధకాలంలో దానిలో కొంత భాగం కూలిపోయినది. కొంత గోడ మాత్రమే నిలిచి ఉన్నది.

అక్కడి తోటలు అనేకం నున్నని గులకరాళ్లతో కప్పబడి ఉంటవి. ఆ రాళ్లు పగటి ఎండను దాచుకొని రాత్రివేళ తీగలకు వెచ్చదనాన్నిస్తవి. మిస్త్రాల్ అనే ఉత్తరపు గాలి తడిని ఆరబెట్టి తెగుళ్లను అరికట్టుతుంది. పండే ద్రాక్షలో ప్రధానమైనది గ్రెనాష్. సిరా, మూర్వేద్ర్ మొదలైన జాతులు దానికి తోడు.

మంచి పేరుకు దొంగలు ఎక్కువ. ఇరవయ్యవ శతాబ్దపు ఆరంభంలో ఫ్రాన్సులో కల్తీ ఆసవం విస్తరించినది. ధరలు పడిపోయి, దక్షిణాది రైతులు 1907లో లక్షలుగా వీథులకెక్కినారు. నార్బోన్ పట్టణంలో సైన్యం కాల్పులు జరపగా ప్రాణనష్టం కలిగినది. తమ పేరును కాపాడుకొనవలెనని షాతోనఫ్ రైతులు 1923లో ల రువా అనే న్యాయశాస్త్రజ్ఞుని నాయకత్వాన నియమాలు ఏర్పరచుకొన్నారు. థైమ్, లావెండర్ మొక్కలు కలిసి మొలిచే బీడు నేలలే ఈ తోటలకు తగినవని అందులో ఒక నియమం. హెక్టారుకు 35 హెక్టోలీటర్లకు మించి దిగుబడి పనికిరాదు. కోత చేతితోనే జరగవలెను. 1936లో ఈ పేరుకు ప్రభుత్వపు చట్టరక్షణ లభించినది.

ఇక రుచి చూచే పద్ధతి. గాజు పాత్రలో మూడవ వంతుకు మించకుండా పోసి, తెల్లని గుడ్డపై వంచి చూస్తారు. కెంపు రంగు వయసుతో అంచుల వద్ద ఇటుక రంగుకు తిరుగుతుంది. తరువాత పాత్రను మెల్లగా తిప్పి వాసన చూస్తారు. పండిన పళ్లు, మిరియం, ఎండిన ఆకులు స్ఫురిస్తవి. థైమ్ వాసన మనకు కొత్త కాదు. వాములో ఉన్న థైమాల్ అనే పదార్థమే దానిలోను ఉన్నది. చివరకు ఒక గుక్క నోటిలో తిప్పి, వగరును, పులుపును, మద్యపు వేడిని వేరువేరుగా గుర్తిస్తారు. నిపుణులు ఆ గుక్కను మింగక ఉమ్మివేస్తారు. ఎన్నో నమూనాలను చూడవలసిన వారికి తెలివి స్థిమితంగా ఉండవలెను గదా! ఆసవం 16 నుండి 18 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య ఉండవలెను. గది వేడిమిలో ఉంచవలెననే పాత మాట చల్లని దేశపు ఇళ్లకు చెల్లుతుంది. మన వేసవిలో మద్యపు ఘాటు తక్కిన వాసనలన్నిటిని మింగివేస్తుంది.

భోజనం మాటకు వద్దాము. ద్రాక్ష తోలు, గింజల నుండి వచ్చే టానిన్లు లాలాజలంలోని మాంసకృత్తులను పట్టుకొనుటచేత నోరు ఆరినట్లవుతుంది. కొవ్వు, మాంసకృత్తులు గల ఆహారం తోడైతే ఆ బిగువు సడలుతుంది. అందుకే థైమ్ చల్లి కాల్చిన గొర్రెపిల్ల మాంసం, గొడ్డు మాంసాన్ని ఎర్రని ఆసవంలో గంటల తరబడి ఉడికించే దోబ్ అనే ప్రోవాన్స్ వంటకం, ముదిరిన గట్టి జున్ను దీనికి సహజమైన పొత్తులు. నూనె గల చేపతో పొసగదు. ఆసవంలోని ఇనుము నీచు రుచిని పైకి తెస్తుంది. మిరపకారంతోను పొసగదు. ఈ ఆసవంలో మద్యం కనీసం నూటికి 12.5 పాళ్లు ఉండవలెనని నియమం. ఆ మద్యం కారపు మంటను పెంచుతుంది. ఆవకాయ అన్నానికి నేయి తోడు చేసిన మన పెద్దలకు ఈ సూత్రం వేరొక దారిలో తెలిసినదే: ఘాటైన గుణానికి దానిని శాంతింపజేసేది జత కావలెను గాని, రెచ్చగొట్టేది కాదు.

ఆసవం తాగడం, తాగకపోవడం ఎవరి నియమం వారిది. కాని రుచి చూచేవాని నాలుక ఒక న్యాయస్థానం వంటిదని గ్రహించవలెను. సీసాపై వ్రాసిన ఊరిపేరు నిజమా, కాదా అని అది విచారిస్తుంది. 1907లో వీథులకెక్కిన రైతులు కోరినది కూడ ఆ నిజాన్నే.