గురి తప్పని వేడి కావాలి

పట్టాలు అందుకుంటున్న మీకూ, మిమ్మల్ని చదివించిన అమ్మానాన్నలకూ అభినందనలు.

మీలో చాలామందికి మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ కంపెనీల్లో ఉద్యోగాలు ఖాయమయ్యాయట. సంతోషం. యాంటెన్నాలూ సిగ్నళ్లూ చదువుకున్న మీకు ఒక వైద్య సమస్య అప్పగిద్దామని వచ్చాను.

క్యాన్సర్ గడ్డ లోపలికి రక్తం సరిగా చేరదు. ఆక్సిజన్ అందని ఆ కణాలు రేడియేషన్‌కు ఓ పట్టాన లొంగవు. వేడిని మాత్రం తట్టుకోలేవు. గడ్డను గంటసేపు 41 నుంచి 43 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేస్తే, రేడియేషన్ తెంపిన డీఎన్‌ఏను కణం బాగుచేసుకోలేదు. ఇదే హైపర్‌థెర్మియా. 2000లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన డచ్ పరిశోధన చూడండి. ముదిరిన గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు రేడియేషన్ ఒక్కటే ఇస్తే మూడేళ్ల తర్వాత బతికున్నవారు 27 శాతం. వేడి తోడైతే 51 శాతం. మన దేశంలోనూ ముంబయిలో డాక్టర్ నాగరాజ్ హుయిల్గోల్ తల, మెడ క్యాన్సర్లకు ఈ చికిత్స చేసి మంచి ఫలితాలు చూపించారు.

మరి ఇంత మంచి చికిత్స ఊరూరా ఎందుకు లేదు? వేడిని గడ్డకే చేర్చడం కష్టం గనక. అమెరికాలో 1980లలో జరిగిన ఒక ట్రయల్‌లో పెద్ద గడ్డలకు లాభం కనిపించలేదు. అవి సరిగా వేడెక్కనే లేదు. గర్భాశయ ముఖద్వారం గడ్డకైతే పొత్తికడుపు చుట్టూ యాంటెన్నాలు అమర్చి, సుమారు 70 నుంచి 120 మెగాహెర్ట్జ్ తరంగాలు సరిగ్గా గడ్డ దగ్గర కలిసేలా ఫేజ్ సరిచూడాలి. ఈలోగా చుట్టూ పారే రక్తం వేడిని లాక్కుపోతుంటుంది. పక్కన ఎక్కడో కొవ్వులో చురుక్కుమంటుంది, చికిత్సలో ఉన్న తల్లి ‘అమ్మా’ అనగానే పవర్ తగ్గించాలి. గడ్డ 43కు ఒక్క డిగ్రీ తగ్గిందా, అదే ఫలితానికి నాలుగు రెట్ల సమయం కావాలి. లోపలి వేడి తెలియాలంటే సన్నని గొట్టంలో ప్రోబు దించాలి, లేదా ఖరీదైన ఎంఆర్‌ఐతో కొలవాలి.

ఇందులో మా డాక్టర్లకు చేతనైంది కొంతే, ఎక్కువ భాగం మీ చదువే. ఒక్క మాట: ఇది రేడియేషన్‌కు తోడు మాత్రమే. వేడితోనే క్యాన్సర్ నయం చేస్తామనేవాళ్లను నమ్మకండి.

మన హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో 1955 నుంచి ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. కూలి చేసుకునే ఆడవాళ్లు జబ్బు ముదిరాక వచ్చేది అలాంటి చోటికే. వాళ్లకు అందే ఖర్చులో, లోపలి ఉష్ణోగ్రతను కచ్చితంగా చూపే యంత్రం కావాలి. మీలో కొందరైనా అక్కడి మెడికల్ ఫిజిసిస్టులను కలిసి, ఈ పని మొదలుపెట్టండని చేతులు జోడించి అడుగుతున్నాను.