పిసినారి ఎవరు?

(హోసూరు ప్రాంత తెలుగు కుటుంబాల కలయికలో చేసిన ప్రసంగ పాఠం)



ఇటీవల మా మనుమడు బడినుంచి వచ్చి, "తాతా, పిసినారి అనేది తమిళ మాటే కదా?" అని అడిగాడు. ఆ మాటను మా ఇంట పలికి ఎన్నాళ్లయిందో అప్పుడు తలచుకొని సిగ్గుపడ్డాను. వాడికి చెప్పిన జవాబునే నేడు మీ ముందుంచుతున్నాను.

పిసినారి మన మాట కూడా. బ్రౌన్ దొర 1852 నాటి నిఘంటువులో 'పిసిని' ఉన్నది. పిసినారి, పిసినిగొట్టు ఆ కుదురులోనివే. తమిళులకూ పిసినారి ఉన్నాడు. వారు బంకను 'పిసిన్' అంటారు. చేతికంటిన బంకా వదలదు, పిసినారి చేతిలోని కాసూ వదలదు!

సంస్కృతం నుంచి వచ్చిన మాటలు మరొక వైపు చూపుతాయి. లోభికి మూలం 'లుభ్' ధాతువు; ఆశపడటమని అర్థం. కృపణుడంటే తొలుత జాలిపడదగిన దీనుడు. కృపకూ ఆ మాటకూ మూలం ఒక్కటే. లోభి ఇంకా కావాలనేవాడు, పిసినారి ఉన్నది వదలనివాడు, కృపణుడు కలిగి ఉండీ దీనుడు.

పొదుపరి వీరిలో చేరడు. మన అవ్వలు రాగిగింజను సైతం ఏరి దాచారు. ఆకలితో గడప తొక్కినవారికి సంగటిముద్ద పెట్టారు. అది పొదుపు.

"ఎంగిలిచేత్తో కాకిని తోలడు" అంటాం. అదిలిస్తే చేతికంటిన మెతుకు రాలుతుందని వాడి భయం. ఈ సామెత తమిళంలోనూ, కన్నడంలోనూ ఉన్నది. ఎవరిది ముందన్న తగవు మనకు వద్దు. మూడు భాషలూ ఒకే పంక్తిన కూర్చున్న నేల మనది. ఆ పంక్తిలో మన విస్తరి ఖాళీగా ఉండరాదన్నదే నా వేదన.

తమిళనాట 2006 నాటి చట్టంతో బడులలో తమిళం తప్పనిసరి అయింది. పొరుగుభాషను మన పిల్లలు చక్కగా నేర్వాలి. తల్లిభాషను చదువుకునే హక్కును ప్రభుత్వాన్ని అడుగుతూనే ఉందాం. కాని ఇంట్లో తెలుగు పలకటానికి ఏ చట్టం అడ్డు వచ్చింది? సొమ్ము వాడితే తరుగుతుంది. మాట వాడకుంటే తరుగుతుంది. మాటలను దాచుకునే పిసినారితనం మనకు తగదు.

ఆ రాత్రి సామెత విన్న మనుమడు, తింటున్న చేతిని గాలిలో విదిలించి, "నేను పిసినారిని కాను తాతా!" అన్నాడు. నాలుగు మెతుకులు నా పంచెమీద రాలాయి. దులుపుకోవటానికి నాకు మనసు రాలేదు.