గుర్రానికి ఉబ్బసం: ఊపిరితిత్తి నీటి లెక్క



మన జవళగేర వైపు, తుంగభద్ర ఎడమకాలువ కింద వరి పండించే క్యాంపులలో గడ్డికి కొదవ లేదు. అయితే వానకు తడిసి వాములో మగ్గిన గడ్డిని విదిలించి చూడండి, బూజు దుమ్ము గుప్పున లేస్తుంది. ఆ దుమ్ము గుర్రానికి పడదు. గుర్రం మనలాగా నోటితో గాలి పీల్చలేదు, ముక్కే దానికి దారి. లోపలికి పోయిన దుమ్ముకు ఊపిరి గొట్టాలు వాచి, చిక్కని కఫం పేరుకుంటుంది. మేత దగ్గర దగ్గుతుంది. ఊరికే నిలబడినా డొక్కలు ఎగరేస్తుంది. కన్నడంలో ఉబ్బస, మనకు ఉబ్బసం. పశువైద్య నిపుణులు కూడా 2016లో గుర్రపు ఉబ్బసం అన్న పేరునే సిఫారసు చేశారు.

జట్కా మీదో, పెళ్ళి ఊరేగింపుల మీదో బతికే ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. "ఇక పనికిరాదు, అమ్మెయ్యి" అని చెప్పేవాళ్ళకేం, చెబుతారు. అమ్మే ముందు ఒక పరీక్ష ఉందని తెలుసుకోండి. ఊరి పశువుల ఆసుపత్రిలో కాకపోవచ్చు, బీదరు పశువైద్య కళాశాల లాంటి పెద్దచోట అడగాలి.

గుర్రానికి కొద్దిగా మత్తు ఇచ్చి, ముక్కులోంచి పొడవైన గొట్టం దింపి, 250 నుంచి 500 మిల్లీలీటర్ల సెలైను పోసి, వెంటనే వెనక్కు లాగుతారు. పోసినదంతా తిరిగి రాదు. వచ్చిన నీటిని సూక్ష్మదర్శిని కింద చూస్తారు. న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలు నూటికి 5 లోపుంటే మంచిదే. 20, 25 దాటితే జబ్బు ముదిరినట్టు.

ఈ శాతం నీళ్ళు కలిసినంత మాత్రాన పెద్దగా మారదు. కాని ఆ నీటిలో మాంసకృత్తు ఎంత, ఇచ్చిన మందు ఊపిరితిత్తికి ఎంత చేరింది అని కొలవాలంటే చిక్కు వస్తుంది. చేతికి వచ్చినది నీళ్ళు కలిపిన పాలు. ఎన్ని నీళ్ళో తెలియకుండా వెన్న లెక్క ఎలా కట్టడం? బడిలో పిల్లలకు నేను ఇలాగే చెబుతాను. పాలకు లాక్టోమీటరు ఉంది, దీనికి యూరియా ఉంది. పొలంలో చల్లే బస్తా యూరియా కాదండీ, రక్తంలో సహజంగా ఉండేదే. అది రక్తంలో ఎంత చిక్కగా ఉంటుందో ఊపిరితిత్తి లోపలి తడిలోనూ అంతే ఉంటుంది. రక్తంలో 30 పాళ్ళుండి, తీసిన నీటిలో 0.3 ఉందనుకోండి. అంటే నూటికి ఒక వంతే అసలు తడి, తక్కినది మనం పోసిన సెలైను. మనుషుల విషయంలో ఈ లెక్కను 1986లో ప్రకటించారు, తరువాత గుర్రాలకూ వాడారు. ఒక్క మెలిక ఉంది. సెలైను లోపల ఎక్కువసేపు నిలిస్తే రక్తంలోని యూరియా అందులోకి ఊరి లెక్క తప్పుతుంది. అందుకే ఆ తొందర.

ముక్కు వెంట చీము, జ్వరం, ఒంటి మీద పుండ్లు ఉంటే మాత్రం ఉబ్బసం అనుకోకండి. అది గ్లాండర్స్ కావచ్చు, మనుషులకూ అంటుతుంది. గుర్రాన్ని విడిగా కట్టి వెంటనే పశువైద్యుడికి చెప్పండి.

ఉబ్బసమే అని తేలితే మందులున్నాయి గాని, దుమ్ము తగ్గించనిదే అవి నిలబడవు. గుర్రాన్ని వాముకు దూరంగా ఆరుబయట కట్టండి. బూజు లేని గడ్డే ఎంచి, బాగా నానబెట్టి వేయండి. నానినది ఆ పూటకు ఆ పూటే పెట్టాలి, మన ఎండలకు మర్నాటికి పులుస్తుంది.