పిల్లల నీరసం – థైరాయిడ్ సంగతి
(ఉపకార వేతనాల పంపిణీ సభలో ఒక వైద్యురాలి ప్రసంగ పాఠం)



నిరుడు బాగా చదివిన పిల్లకు ఈ ఏడు మార్కులు తగ్గితే ఇంట్లో మొదట వినిపించే మాట "బద్ధకం". ఆ తర్వాత సెల్‌ఫోను మీద పడతాం. చాలాసార్లు అదే నిజం కూడా. కొద్దిమందిలో మాత్రం దానికి కారణం థైరాయిడ్ గ్రంథి. ఒక రక్తపరీక్షతో తేలిపోయే విషయానికి పిల్లను నెలల తరబడి తిట్టడం అన్యాయం కదా! అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

గొంతు ముందు భాగంలో, కంఠమణికి కిందుగా సీతాకోకచిలుక ఆకారంలో ఉంటుందీ గ్రంథి. తెలుగు మీడియంలో చదివిన పెద్దలకు అవటు గ్రంథిగా గుర్తుండవచ్చు. దీని హార్మోన్లు తక్కువైతే ఒంట్లో పనులన్నీ మందగిస్తాయి, ఎక్కువైతే పరుగెత్తుతాయి.

తక్కువైనప్పుడు ఎంత పడుకున్నా నిద్ర చాలదు. అందరూ ఫ్యాను వేసుకుంటే ఈ పిల్ల దుప్పటి కప్పుకుంటుంది. చర్మం పొడిబారడం, జుట్టు రాలడం, మలబద్ధకం, ముఖం ఉబ్బడం, ఆడపిల్లలకు నెలసరి ఎక్కువగా కావడం లేదా తప్పడం కనిపిస్తాయి. ఎదిగే పిల్లల్లో ఇంకొక గుర్తుంది, దాన్ని మనం తరచు వదిలేస్తాం. ఎత్తు ఆగిపోతుంది. రెండేళ్ళ కిందట కుట్టించిన యూనిఫారం ఇంకా పొడవు సరిపోతోందంటే డబ్బు మిగిలిందని సంతోషించకండి. గోడకు నిలబెట్టి పెన్సిలుతో గీత గీయండి, ఆరు నెలలకు మళ్ళీ చూడండి. ఇలాంటి పిల్లలు కొందరు మార్కుల్లో వెనకబడరు కూడా. అల్లరి లేదు, బుద్ధిమంతుడు అని మెచ్చుకుంటూనే ఉంటాం!

ఎక్కువైనప్పుడు కథ వేరు. బాగా తింటున్నా చిక్కిపోతారు. గుండె దడ, చెమటలు, చిరాకు, నిద్రలేమి. చేతులు వణకడంతో చేతిరాత పాడవుతుంది, క్లాసులో ఒక చోట కూర్చోలేరు. కొందరికి కళ్ళు ముందుకు పొడుచుకు వచ్చినట్లుంటాయి. టీచరు "పొగరు" అని రాసి పంపే పిల్లల్లో ఇలాంటివారు ఉండవచ్చు.

మనది ఇంట్లో తెలుగు, ఆసుపత్రిలో కన్నడమో తమిళమో ఒడియానో. బాధ వివరించలేక "నీరసం" అన్న ఒక్క మాటతో సరిపెడతాం, టానిక్కు రాయించుకుని వచ్చేస్తాం. ఎప్పటి నుంచి, చలి ఎక్కువా వేడి ఎక్కువా, బరువు, నెలసరి, ఇంట్లో ఇంకెవరికైనా థైరాయిడ్ ఉందా అన్నవి చీటీ మీద రాసుకుని వెళ్ళండి. పరీక్ష పేరు టి.ఎస్.హెచ్., అవసరమైతే దానితోపాటు ఫ్రీ టి-4. గ్రంథి మందగిస్తే సాధారణంగా టి.ఎస్.హెచ్. పెరుగుతుంది, గ్రంథి ఎక్కువ పనిచేస్తే పడిపోతుంది. జుట్టుకోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, అవి ఫలితాన్ని తారుమారు చేయగలవు. ప్రతి లావుకూ, ప్రతి నీరసానికీ థైరాయిడ్ కారణం కాదు. మన ఆడపిల్లల్లో రక్తహీనత ఇంతకంటే చాలా ఎక్కువ. టి.ఎస్.హెచ్. కొద్దిగా ఎక్కువుంటే మరోసారి చేయించాకే మందు సంగతి ఆలోచిస్తారు.

"అయొడిన్ ఉప్పు తింటున్నాం కదా, మాకెందుకు వస్తుంది?" అని అడుగుతారు. ఈ ఉప్పు వెనక మనవాడొకరున్నారు. శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి బృందం 1956లో నేటి హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా లోయలో అధ్యయనం మొదలుపెట్టి, అయొడిన్ కలిపిన ఉప్పు వాడితే బడిపిల్లల్లో గొంతువాపు తగ్గుతుందని చూపింది. 1962లో జాతీయ కార్యక్రమం వచ్చింది. ఆ ఉప్పు మానకండి. అయితే ఇప్పుడు మన ఊళ్ళలో ఎక్కువగా చూసేది వేరు: శరీరంలోని రక్షణ వ్యవస్థే పొరపాటున గ్రంథిని దెబ్బతీయడం. దీన్ని 1912లో వర్ణించిన జపాను వైద్యుడు హషిమోటో పేరుతోనే పిలుస్తారు. ఆడవారిలో ఎక్కువ, కుటుంబాల్లో నడుస్తుంది.

లోపానికి మందు రోజూ ఒక చిన్న మాత్ర. పరగడుపున మంచినీళ్ళతో వేసుకుని అరగంట నుంచి గంట వరకు కాఫీ, పాలు, టిఫిను ముట్టకూడదు. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్ళీ పరీక్ష. హాస్టలు పిల్లలు మాత్ర, నీళ్ళ సీసా మంచం పక్కనే పెట్టుకోండి. గ్రంథి ఎక్కువ పనిచేసేవారు కార్బిమజోల్ వాడుతూ గొంతునొప్పి, జ్వరం వస్తే ఆ మోతాదు ఆపి అదే రోజు డాక్టరును కలిసి రక్తకణాల పరీక్ష చేయించుకోవాలి.

తల్లులకు ఒక మాట. పెళ్ళిచూపులు వస్తున్నాయని మాత్రలు దాచేవారున్నారు, మాన్పించేవారూ ఉన్నారు. ఇది దాచవలసిన జబ్బు కాదు, మాత్ర వేసుకునే పిల్ల మామూలుగానే ఉంటుంది. మానేస్తేనే ప్రమాదం. గర్భం వచ్చిన తొలి నెలల్లో బిడ్డ మెదడు తల్లి హార్మోను మీదే ఆధారపడుతుంది. గర్భం అని తెలియగానే డాక్టరుకు చెప్పాలి, మోతాదు సాధారణంగా పెంచుతారు. పుట్టిన బిడ్డకు మడమ నుంచి రక్తపు చుక్క తీసి టి.ఎస్.హెచ్. చూడమని ఆసుపత్రిలో అడగండి. లోపముంటే మొదటి రెండు వారాల్లోనే మందు మొదలుపెట్టాలి.

పిల్లలూ, ఇంటికి వెళ్ళాక అద్దం ముందు తల కాస్త వెనక్కి వంచి ఒక గుక్క నీళ్ళు మింగండి. కంఠమణి ఎలాగూ కదులుతుంది, దాని కింద ఇంకేదైనా ఉబ్బి పైకి లేస్తే భయపడకుండా డాక్టరుకు చూపించండి. గడ్డల్లో చాలావరకు క్యాన్సరు కావు. ఇక మీ ప్రశ్నలు అడగండి.