నొప్పి తెలియని చోట మెలకువ

(లాలాపేట్‌లో, ఆసుపత్రి ప్రార్థన గదిలో, రోగుల వెంట ఉండే కుటుంబ సభ్యులకు ఒక సిస్టర్ ఇచ్చిన ప్రసంగం)

పేషెంటు దగ్గర ఇంకొకరిని కూర్చోబెట్టి వీలు చేసుకుని వచ్చారు కాబట్టి ఎక్కువసేపు తీసుకోను.

ముందుగా ఒక ప్రశ్న అడుగుతాను. ఈ రోజు పొద్దుటినుండి అద్దంలో ముఖం ఎన్నిసార్లు చూసుకున్నారు? జుట్టు చెదిరిందా, చీర సరిగా ఉందా అని నాలుగైదుసార్లైనా చూసుకుని ఉంటారు. అందులో తప్పు లేదు. మరి మీ అరికాలు ఎప్పుడు చూసుకున్నారు? మీ ఇంట్లో షుగరు ఉన్న పెద్దవాళ్ళ అరికాలు ఎవరైనా చూశారా? నవ్వకండి. నేను చెప్పబోయేదంతా ఆ అరికాలి దగ్గరే ఉంది.

అపొస్తలుడైన పేతురు తన మొదటి పత్రిక మూడవ అధ్యాయంలో అలంకారం గురించి రాశాడు. జడలు, నగలు, బట్టలు పైపైన ఉండేవనీ, హృదయంలో ఉండే సాధుత్వమూ నెమ్మదీ దేవుని దృష్టిలో ఎంతో విలువైనవనీ ఆయన భావం. అదే పత్రిక ఐదవ అధ్యాయంలో, అపవాది విషయమై మెలకువగా ఉండమని హెచ్చరించాడు. అంతరంగ సౌందర్యం, మెలకువ రెండూ ఒకే ఉత్తరంలో ఉన్నాయి. ఆ ఉత్తరం రాసింది ఎవరు? గెత్సేమనే తోటలో నిద్రపోయినవాడు. ప్రభువు లేపినా మళ్ళీ నిద్రపోయినవాడు. కోడి కూయకముందే, ప్రభువును ఎరుగనని మూడుసార్లు బొంకినవాడు. ఆ నిద్ర మనిషిని ఎక్కడికి తీసుకుపోతుందో తెలిసినవాడు కాబట్టే అలా రాశాడు.

నాకు అది ఎలా తెలిసిందో చెబుతాను. నర్సింగ్ డిప్లొమా పూర్తిచేసి ఉద్యోగంలో చేరిన కొత్తలో వేరే ఊళ్ళో నైట్ డ్యూటీ చేసేదాన్ని. వార్డులో ఒక పెద్దాయన ఉండేవారు. రైల్వేలో కీమాన్‌గా పనిచేసి రిటైరయ్యారు. షుగరు వల్ల పాదానికి పుండు పడింది. రాత్రిపూట దుప్పటి తీసి కట్టు తడిసిందేమో చూడాలి, జ్వరం చూడాలి, చార్టులో రాయాలి. ఒక రాత్రి బాగా అలసిపోయి, ఆయన నిద్రపోతున్నారు కదా అని చూడకుండానే "కట్టు పొడిగా ఉంది" అని రాసేశాను. రాసేటప్పుడు చేయి వణికింది. పొద్దున చూస్తే కట్టు పొడిగానే ఉంది. ఇంకో రాత్రి అలాగే చేశాను. చేయి అంతగా వణకలేదు. మూడోసారి నాకు ఏమీ అనిపించలేదు.

ఆ మూడో రాత్రి తెల్లవారాక హెడ్ సిస్టర్ దుప్పటి తీశారు. కట్టంతా చీముతో తడిసి ఉంది. పాదం చీలమండ దాకా వాచింది. ఒళ్ళు కాలిపోతోంది. రెండు రోజుల తర్వాత ఆయన బొటనవేలు తీసేశారు. రాత్రే చూసి ఉంటే ఆ వేలు దక్కేదా అని డాక్టరుగారిని నేను అడగలేదు. అడిగే ధైర్యం లేకపోయింది.

హెడ్ సిస్టర్ దగ్గర నా తప్పు ఒప్పుకున్నాను. తర్వాత ఆ పెద్దాయన మంచం దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే తేలికపడేదాన్ని. ఆయన అన్నారు: "అమ్మాయీ, నొప్పి తెలిస్తే నేనే నిన్ను పిలిచేవాణ్ణి. నాకు తెలియదు గనకే కదా నిన్ను చూడమన్నది! నేను రోజూ పట్టాల వెంట నడిచేవాణ్ణి. నిన్న బిగించానులే అని ఇవాళ చూడకపోతే ఇక నేనెందుకు?"

లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసినవాళ్ళు, వాళ్ళ పిల్లలు మీలో ఉంటారు. కీమాన్ పని ఏమిటో మీకు నేను చెప్పనక్కరలేదు.

నొప్పిని మనం శత్రువు అనుకుంటాం. నిజానికి అది దేవుడు పెట్టిన కాపలా. షుగరు ఏళ్ళ తరబడి అదుపులో లేకపోతే పాదాల నరాలు దెబ్బతింటాయి, స్పర్శ తగ్గుతుంది. ముల్లు గుచ్చుకున్నా తెలియదు. కుష్ఠువ్యాధిలోనూ నరాలే దెబ్బతింటాయి. ఆ జబ్బు వేళ్ళను తినేస్తుందని పూర్వం అనుకునేవారు. 1946లో వేలూరు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్, స్పర్శ లేని చేతులకు తెలియకుండా తగిలే కాలిన గాయాలు, దెబ్బలు, వాటిలో చేరే చీమే ఎక్కువ నష్టం చేస్తాయని చూపించారు.

మన తెలంగాణలోనే, నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో, స్కాట్లండ్ నుండి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త కలిసి, రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత సాయంతో 1915లో కుష్ఠు ఆసుపత్రి స్థాపించారు. సొంతవాళ్ళే ఆ రోగుల ముఖం చూడడానికి వెనుకాడే కాలం అది. ఆమె 1932లో చనిపోయేవరకు ఆ సేవలోనే ఉన్నారు. ఇప్పుడు కుష్ఠువ్యాధికి భయపడనక్కరలేదు. ఆరు నెలలు లేదా పన్నెండు నెలలు మందులు వాడితే నయమవుతుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆ మందులు ఉచితం. ఒంటి మీద రంగు తగ్గిన లేక ఎర్రబారిన మచ్చ ఉండి, అక్కడ స్పర్శ లేకపోతే దాన్ని క్రీములతో, పౌడరుతో కప్పకండి. వెంటనే చూపించండి.

షుగరు ఉన్నవారి పాదాలకు ఇంట్లో చేయవలసినవి:

1. ప్రతి రాత్రి వెలుతురులో అరికాలు, మడమ, వేళ్ళ సందులు చూడండి. ఒంటరిగా ఉన్నవారు కింద అద్దం పెట్టుకుని చూసుకోవచ్చు.
2. గోరువెచ్చని నీళ్ళతో కడిగి, వేళ్ళ సందులు పొడిగా తుడవండి. నీటి వేడిని పేషెంటు పాదంతో కాదు, మీ మోచేతితో చూడండి.
3. ఇంట్లో కూడా చెప్పులు వేసుకోవాలి. ఉస్మానియా క్యాంపస్‌లో నడకకు వెళ్ళేవారు, బూటు తొడిగే ముందు లోపల రాయి ఉందేమో చేయి పెట్టి చూసుకోవాలి.
4. ఆనెకాయలను బ్లేడుతో కోయకండి. వేడినీళ్ళ సంచి పెట్టకండి.
5. పుండు, పొక్కు, వాపు, రంగు మార్పు, దుర్వాసన ఏది కనిపించినా నొప్పి లేదని ఆగకండి. అదే రోజు తీసుకురండి.

ఇప్పుడు హృదయం మాట. మనస్సాక్షి కూడా ఒక నరమే అనుకోండి. రోగి దగ్గర ఉండేవాళ్ళకు వచ్చే శోధనలు చూడడానికి చిన్నవి. ఒక్క లడ్డూ పెడితే ఏమవుతుందిలే అనిపిస్తుంది. మాత్ర వేయడం మరచిపోయి, వేశానని సిస్టర్‌తో చెప్పాలనిపిస్తుంది. అర్ధరాత్రి అత్తగారు మూత్రానికి పిలిస్తే వినపడనట్టు పడుకోవాలనిపిస్తుంది. ఖర్చుల విషయంలో అన్నదమ్ముల దగ్గర లెక్క కాస్త పెంచి చెప్పాలనిపిస్తుంది. మొదటిసారి లోపల ముల్లు గుచ్చుకుంటుంది. మూడోసారి గుచ్చుకోదు. నాకు పాపం చేతకావడం లేదు, నేను బాగానే ఉన్నాను అని అప్పుడే అనుకుంటాం. అసలు పుండు అక్కడే ఉంటుంది.

అందుకే పాదం చూసినట్టే, రాత్రి పడుకునే ముందు హృదయాన్నీ చూసుకోండి. ఈ రోజు ఎవరితో అబద్ధమాడాను? ఎవరిని విసుక్కున్నాను? ఏది దాచాను? కనిపించినదాన్ని ప్రభువు దగ్గర ఒప్పుకోండి. నష్టపోయిన మనిషి దగ్గర కూడా ఒప్పుకోండి. ఆలస్యం చేస్తే పెద్దదవుతుంది.

మెలకువ అంటే నిద్ర మానేయడం కాదు. శిష్యుల శరీరం బలహీనమని ప్రభువుకు తెలుసు. మూడు రాత్రులు నిద్రలేనివారికి కోపం త్వరగా వస్తుంది, మాత్రలు తారుమారవుతాయి. కాబట్టి అక్కాచెల్లెళ్ళు, అన్నదమ్ములు వంతులు వేసుకోండి. ఒక్క కోడలి మీదే భారం వేయకండి.

ఒక రాత్రి రౌండ్‌కి వెళ్ళినప్పుడు ఒక కోడలు అత్తగారి పాదం ఒడిలో పెట్టుకుని, సెల్‌ఫోన్ లైటుతో వేళ్ళ సందులు చూస్తోంది. తల దువ్వుకుని రెండు రోజులై ఉంటుంది. చీర నలిగిపోయింది. అత్తగారు నిద్రలో ఉన్నారు, ఎవరూ ఆమెను మెచ్చుకోవడం లేదు. పేతురు చెప్పిన అలంకారం ఎలా ఉంటుందో ఆ రాత్రి నా కళ్ళతో చూశాను.

ఇప్పటికీ నైట్ డ్యూటీలో చార్టు పట్టుకుంటే ఆ పెద్దాయన మాట గుర్తొస్తుంది. దుప్పటి తీసి చూశాకే రాస్తాను.

కళ్ళు మూసుకుందాం. ప్రభువా, మాకు నొప్పి తెలియని చోట్లను మాకు చూపించుము. మా పెద్దలను ఓపికతో చూసుకొనే హృదయం దయచేయుము. అలసిన ఈ కుటుంబాలకు విశ్రాంతినిమ్ము. ఆమేన్.

వెళ్ళగానే, దయచేసి, ఒకసారి దుప్పటి తీసి చూడండి.